పదివేలలో కారు ముందు డోర్లకి కాంపోనెంట్ స్పీకర్లు (పెద్ద స్పీకర్, ట్వీటర్ విడివిడిగా వచ్చేవి)?

విడిగా ఆంప్లిఫయర్ పెట్టను, స్టీరియో మీదే నడవాలి. సైజు 6.5 అంగుళాలు. ఏం చూసి కొనాలండీ?

జవాబు 1: డబ్బా మీద 300 వాట్లని ఉంటే నమ్మకండి, అది పీక్, అంటే క్షణం పాటు తట్టుకునే పవర్. మామూలు స్టీరియో ఒక్కో ఛానెల్‌కి ఇచ్చేది 20 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) చుట్టుపక్కలే. అందుకే ఇంపెడెన్స్ (కరెంట్‌కి అడ్డు) 4 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత సౌండ్ వస్తుందనేది) 90 డీబీ పైన ఉన్నవే తీసుకోండి. 3 డీబీ తగ్గితే అంతే సౌండ్‌కి రెట్టింపు పవర్ కావాలి.

జవాబు 2: స్పీకర్లకి ఆరువేలు చాలు, మిగతాది డ్యాంపింగ్‌కి, అంటే డోర్ రేకు అదరకుండా అంటించే షీట్లకి పెట్టండి. డోర్ రేకులో పెద్ద కంతలు మూయకపోతే స్పీకర్ కోన్ వెనక గాలి ముందుకొచ్చి బేస్‌ని తినేస్తుంది. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం వదిలేయండి, లేదంటే తుప్పే.

జవాబు 3: అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి, స్పీకర్ వెనక మాగ్నెట్ అద్దానికి తగలకూడదు. ట్వీటర్‌ని (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) క్రాసోవర్ (దానికి బేస్ వెళ్లకుండా ఆపేది) లేకుండా కలిపితే కాలిపోతుంది. బిగించాక బేస్ పలచగా వస్తే ముందు ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడండి.