దశావతారాలు పరిణామ క్రమమేనా? భక్తికి ఆ పోలిక అవసరమా?

శ్రీవాణి:
చేప, తాబేలు, వరాహం, సగం మృగం సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన మనిషి, ఆ తర్వాత రాముడు. నీళ్ళలో మొదలై మనిషి దాకా వచ్చిన వరుస ఇది. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ కూడా దీన్ని డార్విన్ కంటే మెరుగైనదే అన్నారు. పిల్లలకు ఇలా చెబితే భక్తీ నిలుస్తుంది, సైన్సూ ఎక్కుతుంది కదా?

జీవధార:
శ్రీవాణి గారూ, ఈ పోలిక వల్ల రెండూ దెబ్బతింటాయండి. భాగవతం ప్రథమ స్కంధంలో అవతారాల వరుస చూడండి. మొదట సనకాదులు, రెండోది వరాహం, మూడోది నారదుడు. మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. కపిలుడు, దత్తాత్రేయుడు చేప కంటే ముందే వచ్చేశారు. పది పేర్ల జాబితాలో కూడా కొందరు బలరాముణ్ణి లెక్కపెడతారు, కొందరు బుద్ధుణ్ణి.

ఇక జీవశాస్త్రం. పరిణామం అంటే వంశం, తరం నుంచి తరానికి చేరే మార్పు. కూర్మానికి వరాహం పుట్టలేదు, ప్రతిసారీ దిగివచ్చింది ఆ విష్ణువే. తాబేలు గానీ, పంది గానీ, సింహం గానీ మన పూర్వీకులు కారు. పరశురాముడు, రాముడు, కృష్ణుడు ముగ్గురూ మనుషులే, అక్కడ జాతి మారిందే లేదు. పదో తరగతి పిల్లవాడు ఈ తేడా పట్టుకున్న రోజున అనుమానం పోలికతో ఆగదు, పురాణం మీదకే వెళ్తుంది.

వనమాలి:
కోతి నుంచి మనిషి వస్తే కోతులు ఇంకా ఎందుకున్నాయి? సైన్సు చెప్పేదీ ఒక నమ్మకమే.

జీవధార:
పెదనాన్న పిల్లలు మనకు పూర్వీకులా? కారు, తాత ఉమ్మడి. చింపాంజీలతో మన లెక్క అదే, సుమారు 60–70 లక్షల ఏళ్ళ కిందట విడిపోయాం. దీన్ని పరీక్షించవచ్చు కూడా. చింపాంజీ, గొరిల్లాలకు 48 క్రోమోజోములు, మనకు 46. మూలం ఒకటే అయితే మన వైపు రెండు జతల బదులు ఒకే జత ఉండటానికి కారణం కనిపించాలి. మన రెండో క్రోమోజోములో అతుకు ఉంది. క్రోమోజోము చివర్లలో ఉండాల్సిన టీటీఏజీజీజీ అనే డీఎన్ఏ అక్షరాల వరుసలు మధ్యలో ఎదురెదురుగా దొరికాయి, పనిచేయని రెండో సెంట్రోమియర్ (క్రోమోజోముకు ఒక్కటే ఉండాల్సిన నడుము లాంటి భాగం) జాడ కూడా ఉంది. ఇవి దొరక్కపోయి ఉంటే సిద్ధాంతం చిక్కుల్లో పడేది. నమ్మకాన్ని ఎవరూ ఇలా పరీక్షకు పెట్టరు, పెట్టనక్కర్లేదు కూడా.

గౌతమీతీరం:
ఆ చివరి మాటకు మన సంప్రదాయంలోనే ఆధారం ఉంది. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరులు, నిప్పు చల్లనిదని నూరు శ్రుతివాక్యాలు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అవి ప్రమాణం కావంటారు. కంటికి, తర్కానికి అందేదాన్ని వాటితోనే తేల్చుకోవాలి, శ్రుతి పని వాటికి అందనిది చెప్పడం. ఎముకల వయసు మొదటి కోవలోది, మోక్షం రెండో కోవలోది. ఇంత పద్ధతైన విభజన మన దగ్గరే ఉండగా డార్విన్‌తో పోటీ ఎందుకు పెట్టుకోవాలి?

సృష్టికి 6 వేల ఏళ్ళే అనే క్రైస్తవ మిత్రులకూ ఒక మాట. ఉమ్మడి కర్నూలు జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసింది ఏ మానవజాతి అన్నది ఇంకా వివాదమే, ఎముకలు దొరకలేదు కాబట్టి.

శ్రీవాణి:
వరుస సంగతి ఒప్పుకుంటాను. కానీ శరీరం జంతువుల నుంచి వస్తే ఆత్మ ఎప్పుడు వచ్చినట్టు?

గౌతమీతీరం:
ఈ ప్రశ్న క్యాథలిక్కులకు మరీ బరువైనది. 1950లో పన్నెండో పయస్ పోపు, శరీరం పుట్టుక మీద పరిశోధన చేయవచ్చు గానీ ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని గీత గీశారు. అద్వైతంలో ఆత్మకు రాకడే లేదు. చీమలోనూ చింపాంజీలోనూ ఉన్నది ఆ చైతన్యమే, మారేది ఉపాధి, అంటే ఆ చైతన్యం ఉండే శరీరం. ఉపాధి ఎలా మారిందో జీవశాస్త్రాన్ని చెప్పనివ్వండి.