ముంపు నగరాన్ని ప్రభుత్వ ధనంతో తిరిగి కట్టడం న్యాయమేనా?

లెక్కల మాస్టారు:

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికాలోని లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఓర్లీన్స్ నగరంలో సుమారు 80 శాతం నీట మునిగింది. ఆపైన గల్ఫ్ తీరం కోసం అక్కడి కేంద్ర ప్రభుత్వం పదివేల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. బాధితులకు తిండి, గూడు, వైద్యం అందించడం ప్రభుత్వ ధర్మమే; అందులో నాకు సందేహం లేదు. నా అభ్యంతరం అదే పల్లంలో అవే ఇళ్లను మళ్లీ నిలబెట్టడం గురించి. నగరంలో దాదాపు సగం సముద్ర మట్టం కన్నా దిగువన ఉంది, పంపులతో నీరు తోడి ఎండగట్టిన చిత్తడి నేల నేటికీ కుంగుతూనే ఉంది. అటువంటి చోట తిరిగి కట్టడంలో అర్థం లేదన్నందుకు ఆనాటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ డెనిస్ హాస్టర్ట్ తిట్లు తిన్నారు కానీ, ఆ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చినవారు తక్కువ. 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం అప్పుల్లో కూరుకుపోతే 2017లో 1,600 కోట్ల డాలర్ల బాకీని అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ రద్దు చేయవలసి వచ్చింది. ముంపు ముప్పు తెలిసీ అక్కడ ఉండేవారి నష్టాన్ని ఎక్కడో మెట్టప్రాంతంలో పన్ను కట్టేవాడు ఎన్నిసార్లు మోయాలి?

కాలువగట్టు:

మాస్టారు గారూ, మీ ప్రశ్న సబబైనదే. అయితే అది తుపాను దగ్గర మొదలై గట్ల ఊసెత్తకుండా ముగిసింది. న్యూ ఓర్లీన్స్‌ను ముంచింది గాలివాన ఒక్కటే కాదు. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువల వెంట ఉన్న వరద గోడలు, నీరు వాటి పైనుంచి పొర్లకముందే, తట్టుకోవలసిన ఎత్తుకు చేరకముందే పునాదులు కదిలి కూలిపోయాయి. ఆ గోడలు కట్టించింది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్. రూపకల్పనలోనే లోపం ఉందని 2006లో ఆ సంస్థ అధిపతి కార్ల్ స్ట్రాక్ బహిరంగంగా ఒప్పుకున్నారు కూడా. ఒక గుత్తేదారు కట్టిన గోడ కూలి పక్కింటివారి ఇల్లు ధ్వంసమైతే అతడిచ్చే సొమ్మును మనం సాయం అనం, నష్టపరిహారం అంటాం. ఇక్కడ బాధితులు కోర్టుకు వెళ్లారు. 1928 నాటి వరద నియంత్రణ చట్టం ప్రభుత్వానికి కల్పించిన రక్షణ కారణంగా, గట్లు తెగినందుకు దావా నిలవదని 2008లో న్యాయమూర్తి, కోర్ పనితీరును తీవ్రంగా తప్పుపడుతూనే, తీర్పు చెప్పారు. హక్కుగా అడిగే దారి అలా మూసుకుపోయినవారికి మిగిలింది గ్రాంటు ఒక్కటే. దాన్ని ప్రభుత్వ దయగా లెక్కగట్టడం నాకు న్యాయంగా తోచదు.

పైగా "ముప్పు తెలిసీ" అన్నారు. గట్ల రక్షణ ఉందన్న నమ్మకంతో కొన్ని పేటలను అధిక ముప్పు లేనివిగా పటాల్లో చూపింది ప్రభుత్వమే. అక్కడ వరద బీమా తప్పనిసరి కాలేదు.

అసలు తగవు సాయం ఇవ్వాలా వద్దా అన్నదాని కన్నా ఏ కొలతతో ఇచ్చారన్న దగ్గర ఉందని నా అభిప్రాయం. ఇళ్ల యజమానుల కోసం లూసియానా నడిపిన రోడ్ హోమ్ పథకంలో గరిష్ఠ గ్రాంటు 1,50,000 డాలర్లు. తుపానుకు ముందు ఇంటి మార్కెట్ ధర, మరమ్మతుకయ్యే ఖర్చు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని తీసుకుని, అందులోంచి బీమా వంటి సొమ్ము తగ్గించి ఇచ్చేవారు. ఉదాహరణకు ఒకే కొలతలున్న రెండు ఇళ్లకు చెరి 1,20,000 మరమ్మతు ఖర్చు అవుతుందనుకుందాం. ధర 1,60,000 పలికే పేటలోని ఇంటికి పూర్తి ఖర్చు దక్కుతుంది. ధర 80,000 పలికే పేటలోని ఇంటికి 80,000తో సరి. చెక్క ధర, మేస్త్రీ కూలి రెండు పేటల్లోనూ ఒక్కటే. చవక పేటలు ఎక్కువగా నల్లజాతివారివి. ఈ కొలత వివక్షేనంటూ 2008లో వేసిన దావా 2011లో 6.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అప్పటికి ఆరేళ్లు గడిచిపోయాయి.

2007 వేసవిలో, అక్కడికి దగ్గర్లోనే చదువుకుంటూ, న్యూ ఓర్లీన్స్‌లోని జెంటిలీ పేటలో ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లాను. తలుపు పక్కన గాలింపు బృందాలు రంగుతో వేసిన పెద్ద ఇంటూ గుర్తు అలాగే ఉంది. లోపల గోడ మీద నా మెడ ఎత్తున నీటి చార, దాని కింద నల్లటి బూజు. ఆ ఇంటి పెద్దావిడ రోజూ ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. అందులో పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉండేవి. ఇల్లు మాత్రం ఇంకా ఆమె నాయనమ్మ పేరునే ఉంది. వారసత్వం రుజువు చేసే కాగితం కోసం ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిప్పుతున్నారని చెప్పారు. మూడు తరాలుగా ఆ ఇంట్లోనే ఉన్న మనిషి యజమాని అవునో కాదో తేలలేదు.

దివిసీమ బిడ్డ:

కాగితాల మాట వచ్చింది కనుక ఒక్క సంగతి. 1977 నవంబరు ఉప్పెన తర్వాత మా పెద్దలను కూడా సముద్రం పక్కన ఎందుకుంటున్నారని అడిగినవారున్నారు. ఉండక ఎక్కడికి పోతారు, పొలం అక్కడుంది, వల అక్కడుంది. నేటికీ తుపానుకు చేను పడిపోతే పరిహారం తరచూ పట్టాలో పేరున్నవారి ఖాతాకే పోతుంది, పెట్టుబడి పెట్టి మునిగిన కౌలు రైతుకు చేరదు.

లెక్కల మాస్టారు:

గట్ల విషయంలో మీ వాదన అంగీకరిస్తున్నాను, అది పరిహారమే. అయినా ఇంటిని ఎత్తు పెంచి కట్టాలన్న షరతు లేకుండా డబ్బు ఇస్తే రేపటి ముంపునకు మళ్లీ మనమే పూచీ పడినట్టు కాదా?

కాలువగట్టు:

షరతు ఉండవలసిందే. అది నెరవేరేటంత సొమ్ము కూడా ఉండాలి. ఎత్తు పెంచడానికి రోడ్ హోమ్ విడిగా 30,000 డాలర్ల వరకు ఇచ్చింది. జాకీలతో ఇల్లు మొత్తం లేపి కింద స్తంభాలు కట్టడానికి అది చాలామందికి సరిపోలేదు. అసలు గ్రాంటే సరిపోని ఇళ్లవారు ఆ డబ్బును కప్పుకూ గోడలకూ వాడుకున్నారు. షరతు తప్పారంటూ అలాంటి మూడు వేలకు పైగా కుటుంబాలపై రాష్ట్రం దావాలు వేసింది, చివరకు 2023లో వాటిని వదులుకుంది. ఈలోగా గట్ల మీద సుమారు 1,450 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. సరిగ్గా పదహారేళ్లకు, 2021 ఆగస్టు 29న ఐడా హరికేన్ వచ్చినప్పుడు నగరం చుట్టూ ఉన్న ఆ గట్లకు గండి పడలేదు. ఆ పెద్దావిడ వంటివారికి కాగితం చేతికొచ్చేదాకా ఇవ్వవలసిన సొమ్మును ఆపకుండా ఉండే పద్ధతి ఏమిటో, మాస్టారు గారూ, మీ అనుభవంతో చెప్పండి. పన్ను రసీదులను రుజువుగా తీసుకుంటే చాలదా?