అప్‌డేట్: డిజైర్ కొన్నాం, అంబాసిడర్‌నూ ఉంచుకున్నాం

అందరికీ నమస్కారం. ఒడిశా జయపురంలో ఉన్న మా నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 అమ్మేసి కొత్త మారుతి డిజైర్ కొనాలా, లేక దాన్నే బాగుచేయించుకోవాలా అని అడిగాను కదా. చివరికి రెండూ ఉన్నాయి.

తేల్చింది సాలూరు ఘాట్ రోడ్డే. విజయనగరంలో అమ్మమ్మగారింటికి మా దారి అదే. ఎక్కేటప్పుడు అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ చిన్న గేరులో ఓపిగ్గా లాగుతుంది, టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచాలంతే. అసలు టెన్షన్ దిగేటప్పుడే. ఉన్నవి డ్రమ్ బ్రేకులు. మాటిమాటికీ తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. అందుకే నాన్నగారు ఇంజన్ మీదే బండిని ఆపుకుంటూ రెండో గేరులో దించేవారు. కొత్త డిజైర్‌లో ముందు డిస్క్ బ్రేకులు, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆరు ఎయిర్‌బ్యాగులు. వెనక పిల్లలు కూర్చున్నప్పుడు నాకు ఇంకో లెక్క అక్కర్లేదు.

కూర్చునే హాయి మాత్రం అంబాసిడర్‌దే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అందులోకి సులువుగా ఎక్కి దిగుతుంది. కార్బురేటర్ మొరాయిస్తే మా మెకానిక్ పానాలు, స్క్రూడ్రైవర్‌తోనే సరిచేస్తాడు. డిజైర్‌కి లోపం కనిపెట్టే కంప్యూటర్ స్కానర్ కావాలి.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్) రెన్యువల్ ఉంటుందని గుర్తుచేసిన వారికి కృతజ్ఞతలు, చేయించాను. బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి బాడీ భాగాలు వెతుక్కోవాల్సి వస్తోంది. బరంపురం, రాయగడ వైపు మార్క్ 4 ముందు గ్రిల్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.