పెళ్లికూతురి గోళ్లపై కలంకారీ గీతలు: ఎండకు, పసుపుకు తట్టుకునేలా ఇంట్లోనే వేయడం ఎలా?

మంగాపురం దారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా పిన్ని కూతురి పెళ్లి మే నెలాఖరులో తిరుచానూరులో జరగనుంది. గోళ్ల అలంకారం పార్లరులో కాకుండా నా చేతనే చేయించుకుంటానని చెల్లెలు పట్టుబట్టింది. రిసెప్షనుకు కట్టుకునే చీర శ్రీకాళహస్తి కలంకారీ కాబట్టి, గోళ్ల మీద కూడా అదే తీరులో మీగడ రంగు నేలపై నల్లని గీతలతో తీగలు, ఆకులు, వీలైతే ఒక నెమలి వేయాలని మా ఆలోచన. ఇప్పటినుంచే నా గోళ్ల మీద సాధన చేస్తున్నాను గాని, కొన్ని చిక్కులు విడిపోవడం లేదు.

మొదటిది, రంగు ఆరే సమయానికి పైన సన్నని బుడగలు తేలుతున్నాయి. సీసా కొత్తదే, రంగుకు ముందు వేసే అడుగు పూత, అదే బేస్ కోట్ కూడా వేస్తున్నాను. రెండవది, నల్లని నెయిల్ పాలిష్‌తో గీసిన గీతలు చక్కగానే వస్తున్నా, పైన టాప్ కోట్ (చివరగా వేసే పై పూత) వేయగానే అవి బూడిదరంగు మరకలుగా సాగిపోతున్నాయి. మూడవది పసుపు. పెళ్లంటే నలుగు, తలంబ్రాలు తప్పవు. లేత రంగు గోళ్లు తాళి కట్టే వేళకే పచ్చబడతాయేమోనని భయంగా ఉంది. వీటన్నిటికీ తోడు, ఫోనులో వీడియోలు చూసి చెల్లెలు అద్దంలాంటి క్రోమ్ మెరుపు, అయస్కాంతంతో గీతలా తెప్పించే క్యాట్ ఐ మెరుపు కూడా అడుగుతోంది. వీటికోసం ఆన్‌లైనులో దొరికే జెల్ కిట్, ల్యాంపు కొనడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గ్రీంస్‌పేట అక్క

చెల్లెమ్మా, మాది చిత్తూరు. మా వీధిలో పెళ్లిళ్లకు, పేరంటాలకు పిల్లల గోళ్లకు రంగులు వేసే పని ఎక్కువగా నా మీదే పడుతుంది కాబట్టి, మీ మొదటి రెండు చిక్కులకు సమాధానం నేను చెప్పగలను.

మామూలు గోళ్ల రంగులో పొర కట్టే నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ఈథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి ద్రావకాలలో కరిగి ఉంటుంది. ఆ ద్రావకాలు ఆవిరైపోగా మిగిలిన పొరనే మనం రంగుగా చూస్తాము. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో, పైగా ఫ్యాను గాలి నేరుగా చేతి మీద పడుతుంటే, పైపొర చకచకా బిగుసుకుంటుంది. అడుగున మిగిలిన ద్రావకం బయటికి వచ్చే దారి లేక ఆ పొరను పొంగించి బుడగలు కడుతుంది. పూత మందంగా ఉన్నకొద్దీ ఈ బాధ ఎక్కువ. అందుచేత ఫ్యాను కింద కాకుండా, చల్లబడిన సాయంత్రం వేళ గాలి ఆడే గదిలో కూర్చుని, గోరు లీలగా కనిపించేంత పలుచగా మొదటి పూత వేయండి. ఐదు నిమిషాలు ఆగి రెండవది వేయండి. నిండుదనం ఇంకా రాలేదనిపిస్తే మూడవది వేయవచ్చు గాని, రెండు పూతల రంగును ఒక్క పూతలో పట్టించాలని చూడవద్దు. సీసాను దగ్గుమందులా గిలకొట్టకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించండి, ఎందుకంటే గిలకొట్టినప్పుడు చేరిన గాలి కూడా గోటి మీదికి వస్తుంది.

ఐసు నీళ్లలో వేళ్లు ముంచితే రంగు త్వరగా ఆరుతుందని చాలామంది చెబుతారు. చల్లదనానికి పైపొర గట్టిపడినట్లు అనిపిస్తుందే తప్ప, లోపలి ద్రావకం ఎక్కడికీ పోదు. ఆరిపోయిందన్న ధీమాతో పనిలో చేయి పెడితే గోటి మీద ముద్ర పడటం ఖాయం. ఎప్పుడైనా సీసాలోని రంగు చిక్కబడితే పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు కలపాలి గాని, రిమూవర్ కలపకూడదు. అందులోని ఎసిటోను, నూనెలు పొర కట్టే గుణాన్నే చెడగొడతాయి.

ఇక గీతల సంగతి. మీరు గీసిన నల్లరంగును కరిగించే ద్రావకాలే పైన వేసే టాప్ కోట్‌లోనూ ఉంటాయి. కుంచె తగలగానే కింద ఉన్న గీత మళ్లీ కరిగి సాగుతుంది. మీ చేతి నైపుణ్యంలో లోపమేమీ లేదు. సన్నని గీతలకు నెయిల్ పాలిష్ వాడటం మానేసి, నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగు వాడండి. మన గాంధీ రోడ్డు స్టేషనరీ దుకాణాల్లో బట్టల మీద బొమ్మలు వేయడానికి అమ్మే చిన్న సీసా చాలు, దానికి తోడు ట్రిపుల్ జీరో (000) అనే బాగా సన్నని కుంచె ఒకటి. నీటి రంగు కాబట్టి అది కిందనున్న పాలిష్‌ను కరిగించదు. గీత వంకర పోయినా, తడిగా ఉండగానే నీళ్లలో ముంచిన దూదిపుల్లతో తుడిచేస్తే నేల చెక్కుచెదరదు. ఈ ఒక్క సదుపాయం కోసమైనా దానిని వాడవచ్చునని నా అభిప్రాయం.

రంగు గట్టిగా ఉంటే ఒక చుక్క నీరు కలిపి, కుంచె కొనను సూదిమొనలా తిప్పి తీసుకోండి. చిటికెన వేలు బల్లకు ఆనించి, కుంచెను కదపడానికి బదులు రంగు వేయించుకునే వేలిని మెల్లగా తిప్పితే తీగ వంపు వణకకుండా వస్తుంది. గీతలు పదిహేను నిమిషాలు ఆరిన తరువాత టాప్ కోట్‌ను కుంచె నిండుగా తీసుకుని గోటి మొదట్లో ఒక పెద్ద చుక్కగా దించండి; వెంట్రుకలు బొమ్మను రాయకుండా ఆ చుక్కనే కొసదాకా నడపండి. గోటి అంచు మందాన్ని కూడా కప్పేలా చివరికి ఒక తుడుపు తుడవండి. తలంబ్రాల బియ్యంలో చేతులు పెట్టినప్పుడు ముందుగా రాలేది ఆ అంచే.

కాళహస్తి కలం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, బొమ్మ గురించి ఒక మాట. మా ఊరి కలంకారీలో కరక్కాయ రసం, పాలు పట్టించిన బట్ట మీద ముందుగా వెదురు కలంతో నల్ల గీతలు గీస్తారు. ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన కసీం నీటితో ఆ నలుపు వస్తుంది. ఎరుపు, పసుపు, నీలం తరువాత నింపుతారు. గోటి మీద ఈ వరుస తిరగబడుతుంది. ముందు రంగుల మచ్చలు ఆకుల ఆకారంలో అద్ది, అవి ఆరాక వాటి చుట్టూ నల్లని గీత తిప్పాలి. మచ్చ అంచులు కాస్త అటూ ఇటూ ఉన్నా గీత వాటిని సరిదిద్దుతుంది. నిజానికి అసలు బట్ట మీద కూడా రంగు గీతను అక్కడక్కడ దాటడమే చేతిపని అందం.

నెమలిని పది గోళ్ల మీదా ఇరికించవద్దు. ఉంగరపు వేలిపై మెడ, ముక్కు, కన్ను మాత్రం వేసి, తక్కిన వేళ్లకు ఈకలోని కన్ను, తీగ, చుక్కల వరుస పంచండి. చుక్కలకు గుండుసూది తల సరిపోతుంది.

రుయా పక్క వీధి

జెల్ కిట్ విషయంలో తొందరపడవద్దని నా సలహా. జెల్ పాలిష్ గాలికి ఆరేది కాదు. అందులో ఆక్రిలేట్, మెథాక్రిలేట్ జాతి రసాయనాలు ఉంటాయి. ల్యాంపులోని అతినీలలోహిత కాంతి పడినప్పుడు అవి ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలిసి గట్టి పొరగా మారతాయి. పూర్తిగా గట్టిపడని జెల్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు. వేళ్ల కొసలు ఎర్రబడి, దురద పుట్టి, చర్మం పగులుతుంది. ఒకసారి ఆ అలర్జీ స్థిరపడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అదే జాతి పదార్థాలు దంతవైద్యంలో, కీళ్ల మార్పిడిలో వాడే ఎముక సిమెంటులో కూడా ఉంటాయి కాబట్టి తరువాతి చికిత్సలకు సైతం ఇబ్బంది కలగవచ్చు. బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం ఇంటి కిట్ల గురించి 2018లోనే హెచ్చరించింది. ఈ అలర్జీలకు తరచుగా కారణమయ్యే హెమా అనే రసాయనం ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తి నిపుణులే వాడాలని ఐరోపా సమాఖ్య 2021 నుంచి నిబంధన పెట్టింది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే మరొక పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాలలో పూర్తిగా నిషేధించింది.

పార్లరులో చేయించుకుంటే ప్రమాదం లేదని నేను అనడం లేదు. అయితే జెల్ చర్మానికి అంటకుండా వేయడం, ఆ జెల్‌కు తగిన ల్యాంపును తగినంత సేపు వాడటం అభ్యాసంతో వచ్చే పనులు. ల్యాంపు వెలుగు ఉన్నంత మాత్రాన జెల్ లోపలిదాకా గట్టిపడినట్లు కాదు. ఒకవేళ ఎక్కడైనా జెల్ వేయించుకుంటే, ముందుగా చేతులకు సన్‌స్క్రీన్ రాయండి. తీసేటప్పుడు ఎసిటోనులో తడిపిన దూది, పైన ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు నానబెట్టాలే తప్ప, పెచ్చుగా పీకకూడదు. పీకితే గోటి పైపొరలు కూడా ఊడివస్తాయి.

మీ చెల్లెలి కోరిక తీరడానికి దారి లేకపోలేదు. క్యాట్ ఐ మెరుపుకు ల్యాంపు అక్కరలేని మాగ్నెటిక్ పాలిష్‌లు దొరుకుతున్నాయి. వాటిలో ఇనుప సంబంధమైన సన్నని రేణువులు ఉంటాయి. రెండవ పూత తడిగా ఉండగానే చిన్న అయస్కాంతాన్ని గోటికి తగలకుండా దగ్గరగా పది, పదిహేను సెకన్లు పట్టుకుంటే ఆ రేణువులన్నీ ఒక గీతగా సర్దుకుంటాయి. ఒక్కొక్క గోటికి రంగు వేసిన వెంటనే అయస్కాంతం పట్టాలి. ఐదు వేళ్లూ పూర్తయ్యేదాకా ఆగితే మొదటిది ఆరిపోయి కదలదు. క్రోమ్ పొడి మాత్రం సాధారణంగా జెల్ టాప్ కోట్ మీద రుద్దేదే. కలంకారీ గీతల పక్కన అద్దంలాంటి ఆ మెరుపు నప్పదు కూడా, కాబట్టి దానిని వదిలేస్తే నష్టమేమీ లేదు.

మంగాపురం దారి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆక్రిలిక్ రంగుతో గీసి చూశాను, టాప్ కోట్ కింద గీత సాగలేదు. జెల్ ఆలోచన మానుకున్నాము. రిసెప్షను రోజున బొటనవేళ్లకు మాత్రం క్యాట్ ఐ వేస్తాను. ఇక పసుపు ఒక్కటే మిగిలింది. పైగా పెళ్లికి రెండు రోజుల ముందు చేతులకు మెహందీ, పెళ్లినాడు కాళ్లకు పారాణి పెడతారు. వీటన్నిటి మధ్య రంగు ఎప్పుడు వేయాలి, కాలి గోళ్లకు ఏమి చేయాలి?

బైరాగిపట్టెడ అత్తమ్మ

అమ్మాయీ, పసుపుతో పోట్లాడకుండా దానికి చోటిచ్చే రంగు ఎంచుకో. మీగడ రంగు నేల మీద చిటికెడు పసుపు పడినా కనిపిస్తుంది. కలంకారీలో ఆవపిండి రంగు, ఇటుక ఎరుపు, ముదురు నీలం కూడా ఉన్నాయి కదా, నేలకు వాటిని వాడు. మీగడ రంగు కావాలంటే ఉంగరపు వేళ్లకు మాత్రమే ఉంచు. పసుపు అంటగానే కొబ్బరినూనెలో ముంచిన దూదితో తుడువు, ఎందుకంటే పసుపులోని రంగు నీటిలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది. సబ్బు మాత్రం రుద్దవద్దు, దాని క్షారానికి ఆ మరక ఎర్రబడుతుంది. మిగిలిన లేత మరక ఎండ తగిలితే తగ్గుతుంది. మరక తుడవకుండా మీద ఇంకో టాప్ కోట్ వేస్తే మాత్రం అది లోపల చిక్కుకుపోతుంది.

మెహందీ ముందు, రంగు తరువాత. గోరింటాకు రంగు గోటిలోని కెరటిన్‌నే పట్టుకుంటుంది, ఏ రిమూవరుకూ పోదు. నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున గోరు పెరుగుతూ ఆ భాగం కత్తిరించుకుపోవలసిందే. కాబట్టి లేత రంగు వేసే ఆ ఉంగరపు వేళ్ల గోళ్లకు మెహందీ తగలనీయవద్దు. మెహందీలో కలిపే నీలగిరి తైలం, పండటానికి రాసే లవంగ నూనె గోటి మీద ఉంటే పాలిష్ పట్టదు; బేస్ కోట్‌కు ముందు గోళ్లను రిమూవరుతో తుడువు. తలంటి పోసుకున్న వెంటనే కూడా వేయకూడదు. నీళ్లు పీల్చి ఉబ్బిన గోరు ఆరి మళ్లీ ముడుచుకున్నప్పుడు పైనున్న రంగు పగులుతుంది. పెళ్లికూతురిని చేసే రోజున నలుగు, స్నానం ఉదయమే అయిపోతాయి కాబట్టి, మధ్యాహ్నం భోజనాల తరువాత మొదలుపెట్టి దీపాల వేళకు ముగించు. రాత్రి పడుకునే ముందు వేస్తే తెల్లవారేసరికి గోళ్ల మీద దుప్పటి నేత అచ్చు పడుతుంది. ఇంకొకటి, పూజగదిలో దీపం వెలుగుతుంటే దాని దగ్గర సీసాలు విప్పవద్దు. పాలిష్, రిమూవర్ రెండూ ఇట్టే అంటుకునేవి.

కాలి గోళ్లకు బొమ్మలు వద్దు, మట్టెలు, పారాణి ఉండగా వాటిని ఎవరూ చూడరు. పసుపు, సున్నం కలిపిన పారాణి ఎలాగూ ఎరుపే కాబట్టి, దానితో కలిసిపోయే ముదురు ఎరుపు రెండు పూతలు వేసి, మీద ఒక టాప్ కోట్ వేయి. చేతి గోళ్లకంటే ముందుగా, ఆ ఉదయం నలుగు పెట్టకముందే కాళ్లు పూర్తిచేస్తే, మధ్యాహ్నం నీ చేతులకు తీరిక దొరుకుతుంది.