ఒక్క రోజు హిజాబ్ ధరిస్తే సంఘీభావం తెలిపినట్లేనా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
ఫిబ్రవరి 1న ప్రపంచ హిజాబ్ దినం. ముస్లిమేతరులమైన మమ్మల్ని కూడా ఆ రోజు హిజాబ్‌తో రమ్మని మా ఆఫీసులో ఇద్దరు స్నేహితురాళ్లు పిలిచారు. నజ్మా ఖాన్ 2013లో న్యూయార్క్‌లో ఆరంభించిన ఈ కార్యక్రమం ఉద్దేశం మంచిదే అనిపిస్తున్నా, 2022లో ఇదే రాష్ట్రంలో అమ్మాయిలను హిజాబ్ కారణంగా కాలేజీ గేటు దగ్గరే ఆపేసిన దృశ్యాలు గుర్తొచ్చి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు 1:
వద్దంటానండీ. సంఘీభావం పేరుతో హిజాబ్ ధరించవద్దని అస్రా నొమానీ, హాలా అరాఫా అనే ముస్లిం మహిళలే 2015లో వాషింగ్టన్ పోస్ట్‌లో రాశారు. ఇరాన్‌లో దాన్ని సరిగా ధరించలేదని నిర్బంధించిన మహ్సా అమీనీ 2022లో మరణించింది. సాయంత్రానికి తీసేయగలిగిన మనం వారి బరువు మోశామని ఎలా అనుకోగలం?

జవాబు 2 (శివాజీనగర్):
నాది కడప, నేను ఇష్టపడే హిజాబ్ ధరిస్తాను. పోయినేడు నా స్నేహితురాలికి అద్దం ముందు నిలబెట్టి గడ్డం కింద పిన్ను నేనే పెట్టాను. రోజూ తెలుగులో పలకరించే కూరగాయలామె ఆ సాయంత్రం తనతో ఉర్దూలో మాట్లాడిందని, తాను ఉన్నట్టుండి పరాయిదాన్నయ్యానని చెప్పి నా స్నేహితురాలు చాలాసేపు మౌనంగా కూర్చుంది. నా పదేళ్ల అనుభవం ఆమెకు పూర్తిగా అందిందని అనను, కానీ ఆ తరువాత ఆమె నన్ను అడిగే ప్రశ్నలు మారాయి.

జవాబు 3:
కర్ణాటక విద్యాసంస్థల్లో హిజాబ్ నిషేధంపై 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులే చెరొక తీర్పు ఇచ్చారు. వారిలో జస్టిస్ ధూలియా దీన్ని ఎంపికకు సంబంధించిన విషయంగా చూశారు. మీరు ధరించినా మానినా, పిలిచిన స్నేహితురాళ్లతో ముందుగా ఈ సందేహమే చెప్పండి.