మాహే కొండ మీద అమెరికా ట్రాకింగ్ స్టేషన్ మూతపడటం సీషెల్స్‌కి లాభమా నష్టమా?

ఈతచెట్టు: హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో మాహే దీవి, లా మిజేర్ కొండ మీద అమెరికా ఎయిర్‌ఫోర్స్ 1963 నుంచి 1996 దాకా శాటిలైట్ ట్రాకింగ్ స్టేషన్ నడిపింది. నన్నడిగితే అది పోవడం ఆ దేశానికి నష్టమే. చివర్లో ఏటా 45 లక్షల డాలర్ల అద్దె వచ్చేది, వందమందికి పైగా లోకల్ వాళ్ళకి ఉద్యోగాలుండేవి. అంత చిన్న దేశానికి అది తక్కువేం కాదు.

రేడియోరావు: బేస్ పోయింది, పీడ విరగడైంది.

ఈతచెట్టు: రావుగారూ బేస్ కాదండీ, స్టేషన్. యుద్ధ విమానాల్లేవు, ఓడల్లేవు. కింది కక్ష్యలో తిరిగే శాటిలైట్ గంటన్నరకో చుట్టు కొడుతుంది, ఒక చోటి నుంచి చూస్తే పది నిమిషాలు కనపడితే గొప్ప, కాలిఫోర్నియాలో కూర్చున్నోడికి అది భూమికి అవతలివైపు ఉన్నప్పుడు ఎలా ఉందో ఏం తెలుస్తుంది, అందుకే ఇక్కడో డిష్. డేటా దించుకోవడం, కమాండ్ పైకి పంపడం, అంతే.

రేడియోరావు: ఆ కమాండ్ గూఢచారి శాటిలైట్‌కి వెళ్తే? దాన్ని బేస్ అనకపోతే గుడి అనాలా?

మూడోకన్ను: కానివ్వండి, చదువుతున్నా

నావికుడు: ఒకటి చెప్తా. ఓడల్లో పనిచేశా. మా కంపెనీ నాలుగు నెలల జీతం ఎగ్గొట్టింది, ఓడ మీద అద్దె మాత్రం రోజూ దండుకుంటూనే ఉంది. అద్దె ఎప్పుడూ కిందోడికి చేరదు.

ఈతచెట్టు: అయ్యో పాపం, కానీ మీ జీతానికీ శాటిలైట్‌కీ ఏంటి సార్ సంబంధం

రేడియోరావు: ఆయన కరెక్టే చెప్పాడు. 1963లో ఉన్నది బ్రిటిష్ వాళ్ళు, జనాన్ని అడిగిందెవరు? స్వతంత్రం 1976లో గానీ రాలేదు. అదే సముద్రంలోని డియెగో గార్సియా దీవిలో అయితే అమెరికా బేస్ కోసం ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు.

ఈతచెట్టు: మాహేలో ఎవర్నీ ఖాళీ చేయించలేదుగా, రెండూ ఎందుకు కలుపుతారు? 1977లో కుట్ర చేసి గద్దెనెక్కిన రెనే సోషలిస్టు, ఆయనే ఆ స్టేషన్ని ఉండనిచ్చి అద్దె తీసుకున్నాడు. మూసేశాక కొండ జనానికేమైనా దక్కిందా? అక్కడ ఇప్పుడు అబుదాబీ షేక్ ఖలీఫా కట్టించుకున్న ప్యాలెస్ ఉంది!

రేడియోరావు: అమెరికా వాళ్ళు నీకెంతిస్తున్నారు?

ఈతచెట్టు: ఓహో, నువ్వు అన్నావు కాబట్టి నేనూ అంటా. 2015లో మన ఇండియా అదే సీషెల్స్‌లో అజంప్షన్ దీవి మీద ఎయిర్‌స్ట్రిప్, జెట్టీ కడతానని ఒప్పందం చేసుకుంది. అక్కడి జనం మాకొద్దని రోడ్డెక్కారు, 2018లో ఆగిపోయింది. అప్పుడు ఇక్కడ "బుద్ధిలేని జనం, చైనా ఆడిస్తోంది" అని రాసింది ఎవరు? నువ్వే కదా. జనాన్ని అడగాలన్న మాట అప్పుడేమైంది?

రేడియోరావు: అది వేరు. మన భద్రత అది.

ఈతచెట్టు: వాళ్ళూ 1963లో వాళ్ళ భద్రత అనే కట్టుంటారు.

రేడియోరావు: మన దేశాన్ని తీసుకెళ్ళి అమెరికా పక్కన నిలబెడతావా? అసలు ఆ ఒప్పందం చదివావా? కోస్ట్‌గార్డ్ కోసం కట్టేది. బేస్ కాదు.

మూడోకన్ను: 😂😂