లాయరు ఫీజు కట్టలేను. చాప్టర్ 7 (అప్పులు రద్దు చేయించుకునే దివాలా కేసు) సొంతంగా వేసుకోవచ్చా?

నీలిమేఘం

ఒహాయోలో ఉంటాం. గ్రీన్‌కార్డు ఉంది, ఇద్దరు పిల్లలు. నిరుడు ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ ఎనిమిది నెలలూ ఇల్లు కార్డుల మీదే నడిచింది. ఇప్పుడు కాంట్రాక్టు పని దొరికింది గానీ జీతం పాతదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. నాలుగు కార్డుల మీద 46,000 డాలర్లు, ఆస్పత్రి బిల్లు 9,000. పోయిన వారం ఒక కార్డు వాళ్లు దావా వేశారని కోర్టు సమన్లు వచ్చాయి.

ఒక లాయరుని అడిగాను. 1,800 డాలర్లు, కోర్టు ఫీజు వేరే, అంతా ముందే కట్టాలన్నారు. నా దగ్గర అంత లేదు. ఫారాలన్నీ కోర్టు వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, చదివితే అర్థమవుతున్నాయి. సొంతంగా వేసేద్దామని నేను, వద్దని మా ఆవిడ. వేసినవాళ్లు, వేసి దెబ్బతిన్నవాళ్లు ఇద్దరూ చెప్పండి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సొంత_సంతకం

నేను 2022లో లాయరు లేకుండానే చాప్టర్ 7 వేశాను. అప్పులు రద్దయ్యాయి. కాబట్టి సాధ్యమే.

కోర్టు ఫీజు 338 డాలర్లు. ఒకేసారి కట్టలేమని దరఖాస్తు పెడితే నాలుగు వాయిదాల దాకా ఇస్తారు. ఆదాయం పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్ల లోపు ఉండి, వాయిదాల్లో కూడా కట్టలేని స్థితి అయితే పూర్తిగా మాఫీ అడగొచ్చు. పిటిషన్‌కి ముందు 180 రోజుల లోపల గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర క్రెడిట్ కౌన్సెలింగ్ తీసుకుని సర్టిఫికెట్ పెట్టాలి. అది లేకపోతే మిగతా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా కేసు కొట్టేస్తారు. వేశాక రెండో కోర్సు ఒకటి ఉంటుంది. అది మర్చిపోతే కేసు మూసేస్తారు కానీ అప్పులు రద్దు కావు.

ఫారాలకు నాకు మూడు వారాల సాయంత్రాలు పట్టింది. మూడు క్రెడిట్ రిపోర్టులూ ఉచితంగా తెప్పించుకుని, ఒక్కో అప్పూ చూసి రాసుకున్నాను. నెల తర్వాత ట్రస్టీతో (మన కేసు చూడటానికి నియమించే మనిషి) మీటింగ్. జూమ్‌లో ఎనిమిది నిమిషాలు జరిగింది. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాక్స్ రిటర్ను ముందే పంపాను. ఇంగ్లీషులో తడబడతామని భయపడేవాళ్లకు ఒక మాట: ఆ మీటింగ్‌కి ఫోన్‌లో దుబాసీని ఉచితంగా ఇస్తారు, ముందే అడగాలి.

పిటిషన్ కోర్టులో పడిన క్షణం నుంచి వసూళ్లన్నీ ఆగాలి. ఆరోజు నుంచి ఫోన్లు మోగలేదు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. సొంత ఇల్లు లేక, పాత కారు, మామూలు జీతం ఉన్న మనిషికి 1,800 దండగ అనే నా అభిప్రాయం.

రెండేళ్ల_పాఠం

సొంత_సంతకం గారు రాసిన ప్రతి మాటా నిజమే. నేనూ అలాగే చదువుకుని అలాగే వేశాను. నా కేసు పద్నాలుగు నెలలు నడిచింది.

మీటింగ్‌లో ట్రస్టీ మామూలుగా అడిగే ప్రశ్నే అడిగారు: మీ ఆస్తులన్నీ రాశారా? రాశానన్నాను. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇండియాకి పంపిన చిన్న మొత్తం చూసి, అది దేనికి అన్నారు. స్థలం పన్ను అన్నాను. ఎవరి స్థలం? నాన్నగారిది. కాగితాల మీద ఎవరి పేరుంది? నాన్నగారిది, నాదీ.

అమెరికాలో ఆస్తులే అడుగుతున్నారని నేను అనుకున్నాను. చట్టంలో ఉన్నది ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా అని. ఆ స్థలాన్ని నేను ఏనాడూ నాదనుకోలేదు. కానీ సంతకం పెట్టిన కాగితం మీద అది లేదు, ఆ సంతకం అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ పెట్టింది. కావాలని దాచినట్టు తేలితే అయిదేళ్ల దాకా జైలు పడే నేరం. ఆ వారం నా గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు.

సరే, కేసు వెనక్కి తీసుకుంటానన్నాను. అక్కడ రెండో దెబ్బ. చాప్టర్ 13 (కొన్నేళ్లపాటు నెలనెలా కట్టే దివాలా) అయితే మామూలుగా మనం వద్దనుకుంటే ఆపుకోవచ్చు. చాప్టర్ 7 అలా కాదు. సరైన కారణం చూపి జడ్జి ఒప్పుకుంటేనే బయటపడతాం. ఆస్తి దొరికిందని తెలిశాక అప్పులవాళ్లకు నష్టం కాబట్టి ఒప్పుకోరు. చివరికి మధ్యలో లాయరుని పెట్టుకున్నాను, మొదట్లో అడిగినదానికి రెట్టింపు పైనే అయింది. ఆ స్థలంలో నా వాటా విలువ వాయిదాల్లో ట్రస్టీకి కట్టాను.

నీలిమేఘం గారూ, లోపలికి వెళ్లడం సులువే. బయటికి వచ్చే తలుపు మన చేతిలో ఉండదు.

సొంత_సంతకం

చదువుతుంటే బాధేసింది. కానీ ఒక్కటి ఒప్పుకోలేను. మీకు నష్టం తెచ్చింది లాయరు లేకపోవడం కాదు, స్థలం రాయకపోవడం. లాయరుకి చెప్పకపోయినా అదే జరిగేది కదా. మనం చెప్పనిది లాయరుకి ఎలా తెలుస్తుంది?

రెండేళ్ల_పాఠం

తర్వాత పెట్టుకున్న లాయరు మొదటి రోజే నా చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చారు. అందులో నాలుగో ప్రశ్న: వేరే దేశంలో మీ పేరు మీద, లేదా ఇంకొకరితో కలిపి మీ పేరు మీద, ఏమైనా ఉందా? అదే ప్రశ్న ట్రస్టీ కూడా అడిగారు. లాయరు సంతకానికి ముందు అడుగుతారు, ట్రస్టీ సంతకం తర్వాత అడుగుతారు. నేను డబ్బు కట్టాల్సింది ఆ తేడాకి.

లెక్కల_బల్ల

ట్యాక్స్ రిటర్నులు చేస్తాను, లాయరుని కాను. మీ ఇద్దరి వాదన మధ్యలో మూడు విషయాలు.

ముందే కట్టమనడం లాయర్ల దురాశ కాదు. చాప్టర్ 7 వేసే రోజుకి మిగిలిపోయిన ఫీజు కూడా రద్దయ్యే అప్పుల్లోనే చేరిపోతుంది, అందుకే ముందే తీసుకుంటారు. చాప్టర్ 13లో అయితే ఫీజులో చాలా భాగం నెలనెలా కట్టే ప్లాన్‌లో కలుపుతారు. ఆ సులువు చూసి అవసరం లేనివాళ్లు కూడా మూడు నుంచి అయిదేళ్ల ప్లాన్‌లో ఇరుక్కుంటున్నారు. మీకు చాప్టర్ 13 ఎవరైనా చెబితే ఎందుకని గట్టిగా అడగండి. దాన్ని మటుకు సొంతంగా నడపాలని అనుకోవద్దు.

ఫీజు కోసం గానీ కార్డులు తీర్చడానికి గానీ 401కే (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంటు డబ్బు) ముట్టుకోవద్దు. దివాలాలో ఆ డబ్బుకి రక్షణ ఉంది. దాన్ని ఖాళీ చేసి కార్డులకు కట్టేసి, పన్నూ జరిమానా మోసి, ఆ తర్వాత ఏడాదికి దివాలా తీసినవాళ్లను చూశాను. నా క్లయింట్లలో నన్ను ఎక్కువ కలచివేసేది వాళ్లే.

సెటిల్‌మెంట్ కంపెనీలు ఫోన్ చేస్తాయి, 55,000 అప్పుని 25,000కి తెగ్గొడతామని. తగ్గించిన మొత్తం మామూలుగా మీ ఆదాయం కింద లెక్క, పన్ను పడుతుంది. దివాలాలో రద్దయిన అప్పుకి ఆ పన్ను ఉండదు.

అర్హత సంగతి: పిటిషన్‌కి ముందు ఆరు పూర్తి నెలల ఆదాయం సగటు తీసి, మీ రాష్ట్రంలో నలుగురి కుటుంబం మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. మీ ఆవిడ జీతం కూడా అందులోకి వస్తుంది.

వెన్నెల_డల్లాస్

మా దగ్గర ఇంకో మార్గం తీసుకున్నాం, అసలు వేయకపోవడం. టెక్సస్‌లో కార్డు అప్పుకి జీతం పట్టుకోనివ్వరు. బ్యాంకు ఖాతా మాత్రం పట్టుకోవచ్చు, ఆ భయం ఉంది. మీ ఒహాయోలో తీర్పు వస్తే జీతం మీద పడతారు, కోతలన్నీ పోగా చేతికొచ్చే దాంట్లో పాతిక శాతం దాకా. కాబట్టి మీకు మా దారి పనికిరాదు.

ఇంకోటి. "పిటిషన్ ప్రిపేరర్" అని బోర్డు పెట్టి రెండొందలకు ఫారాలు నింపేవాళ్లు ఉంటారు. వాళ్లు లాయర్లు కారు. మీరు చెప్పింది టైపు చేయడమే వాళ్ల పని, ఏ చాప్టర్ వేయాలో, ఏ ఆస్తి ఎలా కాపాడుకోవాలో చెప్పకూడదని చట్టమే ఉంది. మా చుట్టం ఒకాయన అలాంటి చోట డబ్బిచ్చి, లాయరు దగ్గరికి వెళ్లినట్టే ధీమాగా కూర్చున్నాడు. అది ఉచితంగా చేసుకోవాలంటే అప్‌సాల్వ్ అని లాభాపేక్ష లేని సంస్థ ఉంది, సాదాసీదా చాప్టర్ 7 కేసులకు ఫారాలు తయారు చేసిపెడుతుంది.

నీలిమేఘం

అందరికీ కృతజ్ఞతలు. రెండేళ్ల_పాఠం గారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఇండియాలో మాకేమీ లేదు, నాన్నగారి ఇల్లు తమ్ముడి పేరు మీదే ఉంది. నాకు సొంత ఇల్లు లేదు. కారు మీద 11,000 అప్పు ఉంది, కారు ధర కూడా అంతే. ఆ లెక్కన నేను సొంత_సంతకం గారి వరసలోనే ఉన్నాననుకుంటున్నాను.

ఒక్క సందేహం. ఉద్యోగం లేనప్పుడు బావగారు 6,000 సర్దారు. కొత్త ఉద్యోగం రాగానే, మార్చిలో, మొదట ఆయనవే తీర్చేశాను. అది అప్పుల జాబితాలో రాయక్కర్లేదు కదా, తీరిపోయింది కాబట్టి?

సొంత_సంతకం

ఆగండి. నేను మొదట చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను, మీ విషయంలో.

తీరిపోయిన అప్పు జాబితాలో ఉండదు, నిజమే. కానీ ఇంకో ఫారంలో నేరుగా అడుగుతారు: గత ఏడాదిలో దగ్గరివాళ్లకు ఏ అప్పు కింద ఎంత కట్టారని. నేను నింపేటప్పుడు అక్కడ "ఎవరికీ లేదు" అని రాశాను, ఆ గడిలో ఇంకేం దాగుందో ఆలోచించే పని పడలేదు.

రెండేళ్ల_పాఠం

మామూలు అప్పులవాళ్లకు కట్టినది 90 రోజుల వరకే వెనక్కి చూస్తారు. బంధువులకైతే ఏడాది. ఆ ఏడాదిలో బావగారికి ఇచ్చిన 6,000 మిగతా అప్పులవాళ్లను కాదని ఆయన ఒక్కరికే ఇచ్చినట్టు లెక్క. దాన్ని ట్రస్టీ మీ దగ్గర అడగరు. బావగారికి ఉత్తరం రాస్తారు. ఇవ్వకపోతే ఆయన మీద దావా వేయొచ్చు.

కష్టంలో ఆదుకున్న మనిషికి ముందు తీర్చడం మన మనసుకి ధర్మంగా అనిపిస్తుంది. నేనైనా అదే చేసేవాణ్ణి. చట్టం దాన్ని అలా చూడదు, అదే ఇక్కడ నొప్పి.

మార్చి దాటేదాకా ఆగితే ఆ ఏడాది గడిచిపోతుంది. కానీ ఆగితే కార్డు దావా ముందుకెళ్తుంది, జీతం మీద చెయ్యి పడుతుంది. పైగా లెక్కల_బల్ల గారు చెప్పిన ఆరు నెలల సగటు కూడా మారుతుంది. ఎటు ఎంత నష్టమో తూచడం ఫారం నింపడం లాంటి పని కాదు.

లెక్కల_బల్ల

ఇప్పుడు బావగారి దగ్గర తిరిగి తీసుకుని సరిచేసుకుందామని కూడా మీ అంతట మీరు ఏమీ చేయకండి. ఆ కదలిక కూడా స్టేట్‌మెంట్లలో కనిపిస్తుంది. ఏం చేసినా అడిగి చేయండి. చాలామంది దివాలా లాయర్లు మొదటి మాట ఉచితంగానే మాట్లాడతారు. ఒకరితో ఆగకుండా ముగ్గురితో మాట్లాడండి. ఫీజు గురించి కాదు, ఈ 6,000 గురించి అడగండి.

చలికాలం_విస్కాన్సిన్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను వర్క్ వీసా మీద ఉన్నాను. మాలాంటివాళ్లు అసలు వేయొచ్చా? లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సాయం) వాళ్లు సాయం చేస్తారా?

రెండేళ్ల_పాఠం

వేయొచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. లీగల్ ఎయిడ్ సంగతి వేరు. ఫెడరల్ నిధులతో నడిచేవి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల కేసు తీసుకోవచ్చు, హెచ్‌1బీ వాళ్లది సాధారణంగా తీసుకోలేవు. లా కాలేజీల క్లినిక్కులు, బార్ అసోసియేషన్ల ఉచిత కార్యక్రమాలు ప్రయత్నించండి. మీ కథ వేరే పోస్టులో రాయండి, చదువుతాను.

నీలిమేఘం

నిన్న ఇద్దరు లాయర్లతో మాట్లాడాను. డబ్బు తీసుకోలేదు. మార్చి చెల్లింపు మాట చెప్పగానే ఇద్దరూ ఒకేలా ఆగి, తేదీ అడిగారు. ఒకాయన ఇప్పుడే వేయొద్దన్నారు. ఇంకొకావిడ ముందు దావాకి జవాబు దాఖలు చేసి కొంత సమయం తెచ్చుకోమన్నారు. ఆమె ఫీజు 1,500, నాలుగు నెలల్లో విడతలుగా కట్టి, అంతా అందాక పిటిషన్ వేస్తారట. కార్డులకు ఎలాగూ కట్టడం లేదు కాబట్టి నెలకు 375 తీయగలను.

జవాబు మాత్రం నేనే రాస్తున్నాను. అప్పు మొత్తంలో వాళ్లు కలిపిన వడ్డీ నా స్టేట్‌మెంట్లతో సరిపోవడం లేదు, అది రాస్తాను.

సొంత_సంతకం గారూ, మీరు చెప్పిన మూడు క్రెడిట్ రిపోర్టుల పని ఇవాళ మొదలుపెట్టాను. మర్చిపోయిన పాత స్టోరు కార్డు ఒకటి బయటపడింది.

బావగారికి రాత్రి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ ఉత్తరం వస్తే నీకు చెబుతాను, ఇద్దరం కలిసి చూద్దాం అన్నారు.

సొంత_సంతకం

జవాబుకి ఒహాయోలో 28 రోజులు. సమన్లు అందిన రోజు నుంచి లెక్క, మీరు కవరు విప్పిన రోజు నుంచి కాదు. కాపీ ఒకటి అవతలి లాయరుకి కూడా పంపాలి. పోస్టు చేసిన రసీదు దాచుకోండి.